రాయి కింద బొగ్గులు

సున్నపు గీత పెరటి గుమ్మం దాటి, వంటింట్లోకి వచ్చి, పొయ్యి ముందు ఆగింది.

"అమ్మా, ఆ ఎసరు కాస్త దించుకో. గీత పొయ్యి మీదుగా పోవాలంట," అన్నాడు సున్నం తట్ట పట్టుకున్న మిల్లు కూలీ.

గుల్జార్ బేగం గరిటెతో సహా లేచి నిలబడింది.

"నా మీదుగా పోనియ్యి. దించను."

"నన్నంటే ఏం లాభమమ్మా? పొయ్యమన్నారు, పోస్తన్నా."

"పొయ్యమన్నోణ్ణి రమ్మను. ఈ గంజి వాడి నెత్తిన పోస్తా. ఇదీ తెల్లగానే ఉంటది."

కూలీ నవ్వబోయి మానుకున్నాడు. పొయ్యిని వదిలేసి, దాని అవతల మళ్ళీ గీత మొదలుపెట్టి ఎదుటి గోడ దాకా పోసుకుంటూ పోయాడు. గోడ దగ్గర ఏం చేయాలో తోచక కాసేపు నిలబడ్డాడు. తర్వాత చుట్టూ తిరిగి బయటికి వెళ్ళి, గోడ అవతల అందుకున్నాడు.

గీతకు అటు పక్క బావి, సగం వంటిల్లు, కొడుకు సుభానీ పెళ్ళికని కిందటేడు కట్టించిన వెనక గది. ఇటు పక్క మిగిలింది ముందు గది, వరండా.

గుమ్మంలో నిలబడ్డ కూతురు షాజాదీ కిందికి చూసుకుంది. గీత తన పాదాల మధ్యగా పోయింది. కుడికాలు మిల్లులో ఉంది. ఎడమకాలు పుట్టింట్లో ఉంది.

పెరట్లో తమ్ముడి అరుపు వినపడింది.

"వదులు బావా! ఇవాళ ఈ గునపం ఆ పాపారావు కడుపులో దిగాల్సిందే!"

షాజాదీ పరుగెత్తింది.

సుభానీని వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని ఆపుతున్నాడు ఆమె భర్త. ఇస్త్రీ చొక్కా నలిగిపోతున్నా వదలటం లేదు.

"నిదానం సుభానీ. పొడిస్తే నువ్వు జైలుకి పోతావు, గోడ మాత్రం లేస్తది. మాటలతో పొయ్యేదానికి గునపం ఎందుకు? నేను మాట్లాడతాను కదా."

ఆ ఇంట్లో చదువుకున్నవాడు అతనొక్కడే. మిరపకాయల కమీషన్ కొట్టులో గుమాస్తా. పెళ్ళయిన మరుసటి ఏడునుంచి అత్తగారింట్లోనే, రోడ్డు వైపు ముందు గదిలో కాపురం. అతను మాట్లాడతానంటే ఆ ఇంట్లో మిగతావాళ్ళు నోరు మూసుకోవటం అలవాటు.

సుభానీ గునపం కింద పడేశాడు.

మిల్లు మేనేజరు పాపారావు గొడుగు కింద నిలబడి ఇదంతా తీరిగ్గా చూస్తున్నాడు. అతని పక్కన మునిసిపాలిటీ సర్వేయరు గొలుసు చుట్టిస్తున్నాడు. వాళ్ళిద్దరికీ మధ్య, మొన్నటిదాకా లేనిచోట, హద్దురాయి నిలబడి ఉంది.

*

రాయి జరిగింది. అందులో ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

ఇంటిల్లిపాదీ వినుకొండలో మేనత్త చావుకు వెళ్ళి, నిన్న సాయంత్రం తిరిగొచ్చారు. షాజాదీ భర్త ఒక్కడే ఊళ్ళో ఉండిపోయాడు. మిరపకాయ దిగుమతి ముమ్మరంగా ఉందనీ, ఆ రాత్రుళ్ళు కొట్లోనే బస్తాల మీద పడుకున్నాననీ చెప్పాడు. వీళ్ళు బండి దిగేసరికి రాయి ఇంటి మీదికి నడిచొచ్చినట్టు బావికి ఇవతల నిలబడి ఉంది. అది మొదట ఉన్నచోట, కొత్త గోడకని మిల్లువాళ్ళు దించిన బండరాళ్ళ గుట్ట మనిషెత్తున లేచింది.

షాజాదీ తండ్రి హుస్సేన్ సాహెబ్ ఆ స్థలం కొన్నప్పుడు అక్కడ పేట లేదు. పత్తి చేను. అమ్మిన రైతు గొలుసు పెట్టి కొలవలేదు. రాయి పాతి, "ఈ రాయి కాణ్ణించి రోడ్డు దాకా నీది," అన్నాడు. కాగితంలోనూ అదే రాశారు. తూర్పున పాతిన రాయి. అంతే.

పైగా అది వేళ్ళు పెట్టి కొన్న స్థలం. పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిషను హుస్సేన్ సాహెబ్ కుడిచేతి వేళ్ళు రెండు నమిలేసినప్పుడు మిల్లు ఇచ్చిన డబ్బుతో కొన్నాడు. ఆ మిల్లే ఇప్పుడు లారీలకు కొత్త గేటు కావాలని, రోడ్డు దాకా దారి వెతుక్కుంటూ ఆయన వంటింట్లోకి వచ్చింది.

సర్వేయరు వరండాలోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో రాసుకోవాలన్నాడు. అందరి పేర్లూ అయ్యాయి.

"నీ భర్త పేరేంటమ్మా?" అన్నాడు షాజాదీతో.

షాజాదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు చూసింది.

"రెబ్కక్కా, నువ్వు చెప్పు."

నీళ్ళ బిందెతో వచ్చి గోడవార నిలబడ్డ రెబ్కా పకపక నవ్వింది. మిల్లు వాచ్‌మెన్ జక్రయ్య భార్య ఆమె. మిల్లు లైనుగదుల్లో కాపురం. నీళ్ళకు మాత్రం ఈ బావికే వస్తుంది.

"జనాభా లెక్కలోళ్ళొచ్చినా నేనేనండీ చెప్పేది, రేషను కార్డోళ్ళొచ్చినా నేనే. మొహిద్దీన్ బాషా అండీ. మొగుడేమో ఆవిడకి, పేరేమో నా నోటికి."

సర్వేయరు కూడా నవ్వాడు. "చెబితే ఏమవుద్దమ్మా?"

"ఆయుష్షు తగ్గిద్దంటండీ," అంది రెబ్కా. "మా ఆయన పేరు నేను రోజుకి వందసార్లు తిట్టినా ఆయనకేం తగ్గలా. గుండ్రాయిలాగున్నాడు."

షాజాదీ భర్త చిరునవ్వు నవ్వి చొక్కా చేతులు సర్దుకున్నాడు.

ఆ ఇంట్లో ఆ రోజు నవ్వు వినపడటం అదే ఆఖరు.

*

హుస్సేన్ సాహెబ్ రాయి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతులో తొణుకు లేదు.

"పాపారావు గారూ, రాయిని ఎవరైనా జరుపుతారు. కింది ఆనవాలుని జరపలేరు. తవ్వించండి. రాయి కింద ఏమీ లేకపోతే ఇది దొంగరాయి."

అక్కడున్నవాళ్ళందరికీ ఆ మాట అర్థమైంది. హద్దురాయి పాతేటప్పుడు కింద ఏదో ఒక ఆనవాలు వేయటం రివాజు. రాయి పోయినా, ఒరిగినా, ఎవరైనా పీకినా, ఆనవాలు నేలలోనే ఉండి అసలు హద్దు చెబుతుంది. అది ఏమిటో కొన్నవాడికీ, అమ్మినవాడికీ, సాక్షికీ తప్ప ఇంకెవరికీ చెప్పరు.

"తవ్వండి," అన్నాడు సర్వేయరు.

ఇద్దరు కూలీలు రాయిని ఊపి పక్కకు వాల్చారు. నల్లరేగడి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. ఒకడు గుంటలోకి వంగి చేయి పెట్టి కెలికాడు.

"ఏం లేదండీ."

సుభానీ చప్పట్లు చరిచాడు. "చూశారా! దొంగరాయి!"

"ఉండండుండండి." కూలీ మళ్ళీ కెలికాడు. "ఏందో చేతికి గట్టిగా తగుల్తంది. మట్టీ నలుపే, ఇదీ నలుపే, కనపడి చావటం లా."

గుప్పెడు తీసి సర్వేయరు ముందు పోశాడు. ఒకదాన్ని బొటనవేలితో నలిపాడు.

"బొగ్గులండీ."

పాపారావు గొడుగు మూశాడు.

"ఆనవాలు ఉందిగా సాయిబూ! ఇంకేంటి?"

హుస్సేన్ సాహెబ్ మొహంలో రక్తం లేదు. "ఇవి నేను వేసినవి కావు."

"మరి నువ్వేం వేశావు?" అన్నాడు సర్వేయరు.

"పింగాణీ పెంకులండి. తెల్లవి. ఆవకాయ జాడీ పగిలితే ఆ పెంకులన్నీ వేశాను."

వంటింటి కిటికీలోంచి గుల్జార్ బేగం గొంతు వచ్చింది. "నా జాడీనా? కాలవలో పారేశానని చెప్పావే నాకు! పగిలింది కూడా నేనే పగలగొట్టానన్నావు!"

"ఇప్పుడా ఆ గొడవ?"

"ఎప్పుడు మరి? ఇల్లు పోయాకా?"

"సాక్షి ఎవరు?" అన్నాడు సర్వేయరు, విసుగు అణుచుకుంటూ.

"అమ్మినాయన చనిపోయాడండి. రెండో మనిషి జక్రయ్య. ఇద్దరం కలిసి పాతాం. చెప్పు జక్రయ్యా."

అందరూ మిల్లు గేటు వైపు తిరిగారు. ఖాకీ చొక్కా, చేతిలో లాఠీ, జక్రయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. అతను ముందు మేనేజరును చూశాడు. తర్వాత సుభానీ పక్కన ఎవరినో చూశాడు. ఆ తర్వాత నేల చూశాడు.

"చెప్పవయ్యా," అన్నాడు పాపారావు మెత్తగా. "మిల్లు అన్నం తినేవాడివి. నిజమే చెప్పు."

"నాకు... అంతగా గుర్తు లేదండి."

"జక్రయ్యా!" హుస్సేన్ సాహెబ్ రెండడుగులు ముందుకు వేశాడు. "నా చేతికి కట్టు ఉంటే నువ్వే కదరా గుంట తీసింది! ఆ పెంకు నీ వేలికి గుచ్చుకోలా?"

జక్రయ్య ఆ వేలిని తెలియకుండానే పిడికిట్లో దాచుకున్నాడు.

"అయితే అక్కడ తవ్వండి!" సుభానీ బండరాళ్ళ గుట్టను చూపించాడు. "ఆ గుట్ట కింద పెంకులు లేకపోతే నా చెవి కోసుకుంటా."

"అది మా స్థలం. అవి మా రాళ్ళు," అన్నాడు పాపారావు. "నీ చెవికోసం మా గుట్ట ఎవరు తీస్తారబ్బాయ్?"

సర్వేయరు మంచివాడే. కానీ మంచితనానికి కూడా ఆఫీసు పద్ధతి ఒకటి ఉంటుంది.

"చూడు సాయిబూ. ఆ గుట్ట తీయించే అధికారం నాకు లేదు. రాయి జరిపారని ఫిర్యాదు ఇస్తే పని ఆపించి, తహసీల్దారు గారి ఎదుటే తీయిస్తాను. కానీ 'ఎవరో' జరిపారంటే అది ఫిర్యాదు కాదు. ఎవరు జరిపారో మనిషి పేరు కావాలి. మధ్యాహ్నం మిల్లు కూత దాకా ఇక్కడే ఉంటాను. కూత అయితే నా పని అయిపోయినట్టే. వాళ్ళు పునాది తీసుకుంటారు."

హుస్సేన్ సాహెబ్ వంగి ఒక బొగ్గుముక్క తీశాడు. మిగిలిన మూడు వేళ్ళతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తాడు. ఎవరి వైపూ చూడకుండా మళ్ళీ దించుకున్నాడు. బట్టలుతికే బండ మీద మెల్లగా కూలబడ్డాడు.

బొగ్గుముక్కను గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

*

షాజాదీ వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనకనున్న తట్ట బయటికి లాగింది.

ఇస్త్రీ పెట్టెకని బొగ్గులు పోసి ఉంచే తట్ట అది. వినుకొండ వెళ్ళే ముందు తనే నింపింది. ఇప్పుడు అడుగున నల్లటి పొడి మిగిలింది.

భర్తకు రోజూ ఇస్త్రీ చొక్కా కావాలి. తను లేనప్పుడు ఆయనే చేసుకుంటాడు. కానీ ఒక మనిషి చొక్కాలకు తట్టెడు బొగ్గులు కాలవు.

ఆమె తట్ట ముందే కూర్చుండిపోయింది.

పెళ్ళయిన ఏడు వేటపాలెం దగ్గర అత్తగారి ఊళ్ళో ఉన్నప్పుడు అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. చుట్టూ తెల్లటి ఇసుక. రాయి పాతుతుంటే అత్తగారు చేటెడు బొగ్గులు తెచ్చి గుంటలో పోసింది. ఎందుకత్తా అని అడిగితే, "ఇసకలో బొగ్గయితే ఎన్నేళ్ళకైనా నల్లగా కనపడుద్ది కోడలా," అంది. ఆ రోజు గుంటలో బొగ్గులు సర్దింది ఆయనే. చేతులు కడుక్కోటానికి నీళ్ళు పోసింది తను.

ఇసుక మీద పుట్టినవాడికి ఆనవాలంటే బొగ్గే. నల్లరేగడిలో నల్లబొగ్గు వేస్తే మళ్ళీ వేసినవాడికే దొరకదని, ఇక్కడి వాళ్ళు చచ్చినా వేయరని అతనికెవరు చెబుతారు?

వారం కిందట వరండాలో కూర్చుని ఆయన అన్న మాట గుర్తొచ్చింది. "మిల్లు గేటు ఇటు పడిందనుకో షాజాదీ, గేటు పక్కన కమీషన్ కొట్టు పెట్టినోడి దశ తిరిగిద్ది. ఎన్నాళ్ళని ఒకరి కింద గుమాస్తాగా చావను?"

తను నవ్వి, "గేటు ఇటెట్టా పడిద్ది? ఇటు మన ఇల్లుందిగా," అంది.

ఆయన కూడా నవ్వాడు.

"ఏందమ్మే, అట్టా కూచున్నావు?"

రెబ్కా ఖాళీ బిందెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఇందాకటి నవ్వు ఆ మొహం మీద ఎప్పుడైనా ఉండేదా అనిపించేట్టు ఉంది.

"నీళ్ళు తోడుకున్నావా అక్కా?"

"తోడుకోనిచ్చారు. ఇంక ఈ బావి మిల్లుదంట. మిల్లు మనిషి పెళ్ళాన్ని కదా, నాకు ఫరవాలేదంట. మీ అమ్మని మాత్రం రానీయొద్దన్నారు." బిందె కింద పెట్టింది. పెట్టిన బిందె ఖాళీదన్న సంగతి ఆమెకే గుర్తున్నట్టు లేదు. "నాకు చేతులాడలా."

పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"అక్కా, ఒకటడుగుతా. జక్రయ్య మావ చూశాడా?"

"ఏం చూడటం?"

"మేం ఊళ్ళో లేనప్పుడు. ఈ రాయి దగ్గర. ఎవర్నైనా."

రెబ్కా పొయ్యిలోకి చూస్తూ అంది. "ఆయన్నడిగితే ఏమీ చూడలేదంటాడు. మూడు రోజుల్నించి అన్నం తినటంలా. ప్రార్థన చేస్తే సగంలో ఆపేస్తాడు. ఏందయ్యా అంటే, 'మాట్లాడితే ఒకింటికి నిప్పు, మాట్లాడకపోతే ఇంకో ఇంటికి నిప్పు,' అంటాడు."

"ఏ ఇంటికి?"

"నన్నడగమాక షాజాదీ." రెబ్కా గుమ్మం వైపు జరిగింది. "నువ్వు నా చేతిమీద పెరిగినదానివి. నీ మొగుడి పేరు నీ బదులు ఊరందరికీ చెప్పినదాన్ని. ఇది మాత్రం నా నోట చెప్పించమాక."

ఆమె దృష్టి బొగ్గుల తట్ట మీద పడింది. ఖాళీ తట్ట. చటుక్కున మొహం తిప్పుకుని, ఖాళీ బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

*

బండ మీద కూర్చున్న తండ్రి పక్కన షాజాదీ గొంతుక్కూర్చుంది.

"నాయనా."

"అన్నం వండారా?"

"మాడిపోయింది. నాయనా, ఆ బొగ్గులు ఎవరు వేశారో నీకు తెలిసింది."

"నాకేం తెలీదు."

"తట్ట ఖాళీగా ఉంది."

హుస్సేన్ సాహెబ్ చేయి కూతురి నోటి మీదికి వచ్చింది. మూడు వేళ్ళ చేయి. పత్తి గింజల నూనె వాసన ఇంకా వదలని చేయి.

"నాకు తెలీదు. నీకూ తెలీదు. అర్థమైందా?"

ఆమె ఆ చేతిని పక్కకు తీసింది.

"ఇల్లు పోయిద్ది నాయనా."

"పోతే పోయిద్ది. ఇల్లేగా. ముందు గదిలో సర్దుకుంటాం. కాకపోతే ఏ లైనుగదో అద్దెకు తీసుకుంటాం. లోకంలో ఎంతమంది లేరు?"

"ఈ వేళ్ళు పోయినప్పుడు మిల్లు గేటు ముందు కూచుని, నా డబ్బు ఇస్తేగాని కదలనని మొండికేశావంట. అమ్మ చెప్పిద్ది. ఇప్పుడెందుకు నాయనా ఇట్టా?"

"అప్పుడు పోయింది నా వేళ్ళు తల్లీ. ఇప్పుడు పోయేది నీ కాపురం."

రోడ్డు మీద మిరపకాయల లారీ ఒకటి పోయింది. ఘాటు ఒక్కసారిగా పెరట్లోకి కొట్టింది. సర్వేయరు తుమ్మాడు. పాపారావు దగ్గాడు. అందరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఎవరు ఏడుస్తున్నారో ఎవరికీ తెలియలేదు.

"మగాడు తప్పు చేస్తాడు. దిద్దుకుంటాడు," అన్నాడు హుస్సేన్ సాహెబ్, తనకు తను చెప్పుకుంటున్నట్టు. "నలుగుర్లో మొహం పోయినోడు మాత్రం మళ్ళీ ఇంటికి రాడు. ఊరుకో. నా మీద ఒట్టు."

అంతలో గేటు దగ్గర కేక పడింది.

*

సుభానీ జక్రయ్య చొక్కా పట్టుకుని ఈడ్చుకొస్తున్నాడు. ఖాకీ చొక్కా గుండీలు తెగిపోయాయి. లాఠీ ఎక్కడో పడిపోయింది. అంత పొడుగు మనిషి, చేయి కూడా అడ్డం పెట్టుకోకుండా గొర్రెలాగా నడిచి వస్తున్నాడు.

"గుర్తు లేదా? నీకు గుర్తు లేదా? మా నాయన పక్కన కూచుని ఎన్నిసార్లు అన్నం తిన్నావురా, అది గుర్తుందా?"

"సుభానీ, వదిలెయ్. పెద్దాయన," అన్నాడు షాజాదీ భర్త. పక్కనే నడుస్తూ వస్తున్నాడు. చొక్కా మళ్ళీ నలగకుండా సర్దుకున్నాడు. "ఆధారం లేకుండా ఎవర్నీ అనగూడదు. నేనైతే ఎవరి పేరూ అనటం లేదు. మీరే ఆలోచించండి సర్వేయరు గారూ. ఇంట్లోవాళ్ళంతా ఊరెళ్ళారు. నేను కొట్లో ఉన్నాను. రాత్రుళ్ళు ఈ గోడవార తిరిగే మనిషి ఎవరు? కింద ఆనవాలు ఉంటదని తెలిసిన మనిషి ఎవరు? మిల్లు చెప్పినట్టు వినాల్సిన మనిషి ఎవరు?"

"ఇంకెవరు? వీడే!" అన్నాడు సుభానీ.

"నేను అనలేదు. నువ్వే అంటున్నావు."

పాపారావు వాచ్‌మెన్ వైపు చూసి, పొలంలో పశువును చూసినట్టు చూపు తిప్పేసుకున్నాడు. వాచ్‌మెన్ పోతే మిల్లుకు ఇంకో వాచ్‌మెన్ దొరుకుతాడు.

"నిజమేనా జక్రయ్యా?" అన్నాడు సర్వేయరు.

జక్రయ్య పెదాలు కదిలాయి. అతని కళ్ళు షాజాదీ భర్త మీద ఒక్క క్షణం నిలిచి, అక్కణ్ణుంచి షాజాదీ మీదికి వచ్చి ఆగాయి. అందులో నింద లేదు. జాలి ఉంది. ఆమె దాన్ని భరించలేకపోయింది.

"మాట్లాడవేందయ్యా!" రెబ్కా గుంపును తోసుకుని వచ్చి మొగుడి కాళ్ళ దగ్గర కూలబడింది. "కాదని చెప్పు! నోరుందిగా, చెప్పు! నిన్ను పోలీసోళ్ళు కొడుతుంటే నేను చూడలేను. రేపు లైనుగది ఖాళీ చెయ్యమంటే యాడికి పోవాలి?"

జక్రయ్య ఆమె తల మీద చేయి వేశాడు.

సర్వేయరు నిట్టూర్చి కలం మూత తీశాడు.

"సరే. ఫిర్యాదు ఎవరు ఇస్తున్నారు?"

"నేను," అన్నాడు సుభానీ. "రాసుకోండి. రాయి జరిపింది—"

"జక్రయ్య మావ కాదు."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. మగవాళ్ళ మధ్య షాజాదీ గొంతు ఎప్పుడూ అంత గట్టిగా వినపడలేదు.

ఆమె నడిచి వచ్చింది. సున్నపు గీత దాటుతుంటే పాదం తగిలి గీత ఒకచోట చెరిగింది. చేతిలో ఖాళీ బొగ్గుల తట్ట ఉంది. దాన్ని తెచ్చి రాయి పక్కన బోర్లించింది. నల్లటి పొడి ఆ గుప్పెడు బొగ్గుల మీద రాలింది.

"ఈ బొగ్గులు మా ఇంట్లోవి. ఇక్కడి మనిషి ఎవడూ రేగట్లో బొగ్గు వెయ్యడు. జక్రయ్య మావ అసలే వెయ్యడు, ఆయనకి పెంకులని తెలుసు. పెంకులని తెలీనోడే బొగ్గులేశాడు. ఇసక దేశం నుంచి వచ్చినోడు."

"షాజాదీ!" బండ మీదనుంచి హుస్సేన్ సాహెబ్ లేవబోయాడు. "నా మీద ఒట్టు పెట్టాను!"

సుభానీ చేతులు జక్రయ్య చొక్కా మీదనుంచి జారిపోయాయి. అతను అక్కనూ, తట్టనూ, బావనూ మార్చి మార్చి చూశాడు.

"ఏందక్కా నువ్వనేది?"

"ఆయనే," అంది షాజాదీ.

అప్పుడే మిల్లు కూత మొదలైంది. పేటంతా అదిరిపోయేలా, ఎవరి మాట ఎవరికీ వినపడకుండా. సర్వేయరు చెవి దగ్గర చేయి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఎవరమ్మా? ఆయనంటే ఎవరు? ఇంతమంది ఉన్నారు. నాకు పేరు కావాలి."

షాజాదీ భర్త పెదాల మీద చిరునవ్వు వచ్చింది. నుదుటి మీద చెమట మెరుస్తున్నా మాట తీరు మాత్రం ఎప్పటిలాగే నిదానంగా ఉంది. కూతను మించి వినపడేలా సర్వేయరు చెవిలో అన్నాడు.

"మా ఆడాళ్ళు పేర్లు చెప్పరండీ. మీరు ఇందాక చూశారుగా. మనసు బాగాలేక ఏదో అంటంది. కూత కూడా అయిపోతోంది. ఇంక కలం మూసెయ్యండి."

షాజాదీ అలవాటుగా రెబ్కా వైపు తిరిగింది.

రెబ్కా నేల మీదనుంచి తలెత్తి చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఈసారి ఆ పేరు తన నోట రాదని ఆ కళ్ళు చెప్పాయి.

బండ మీద తండ్రి మూడు వేళ్ళ చేత్తో మొహం కప్పుకున్నాడు. వంటింటి కిటికీలో తల్లి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సర్వేయరు కలం మూత ఇంకా పెట్టకుండా వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

కూత సన్నబడింది. ఆగింది.

ఆ నిశ్శబ్దంలో షాజాదీ తన భర్త మొహంలోకి సూటిగా చూసింది. పెళ్ళయినప్పటినుంచి ఒక్కసారి కూడా ఆమె నాలుక మీదికి రాని మాట, గొంతులో మిరపకాయలాగా అడ్డం పడి, మండుతూ బయటికి వచ్చింది.

"రాసుకోండి. మొహిద్దీన్ బాషా."